ల్యాప్‌టాప్ వేడెక్కి టప్పున ఆగిపోతోంది

ప్రశ్న (అంబాజీపేట నుంచి): ఐదేళ్ల ల్యాప్‌టాప్ అండి. వీడియో ఎడిటింగ్ మొదలెట్టిన పది నిమిషాలకి ఫ్యాన్ హోరెత్తి ఆగిపోతోంది. పక్కనే కొబ్బరి పీచు మిల్లు. విండోస్ మళ్లీ వేయిస్తే తగ్గుతుందా?

జవాబు (భీమవరం): విండోస్ జోలికి పోకండి. ముందు హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో సీపీయూ (ప్రాసెసర్) వేడి చూడండి. 95–100 డిగ్రీలకి చేరి ఆగితే వేడి సమస్యే. 70 దగ్గరే ఆగిపోతుంటే బ్యాటరీనో ఛార్జర్‌నో అనుమానించాలి. పీచు దుమ్ము మామూలు దుమ్ములా ఊదితే పోదండి. మన దగ్గరి తేమకి ఫ్యాన్‌కీ, ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రేకులకీ మధ్య చాపలా అట్టకడుతుంది. బయటి నుంచి బ్లోయర్ కొడితే ఇంకా బిగుసుకుంటుంది. అడుగు మూత తీసి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, ఫ్యాన్ విప్పి, ఆ అట్టని పట్టకారుతో లాగెయ్యాలి. గాలి కొట్టేటప్పుడు రెక్కని వేలితో పట్టుకోండి. గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

జవాబు (రాజోలు): హీట్‌సింక్ కూడా విప్పితే థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ నుంచి హీట్‌సింక్‌కి వేడిని దాటించే పూత) తప్పక మార్చాలి. పాతది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది బఠాణీ గింజంత పెడితే చాలు. చాలా మోడళ్లలో స్క్రూల పక్కన 1, 2, 3 అని అంకెలుంటాయి, ఆ వరసలోనే కొంచెం కొంచెంగా బిగించండి. పక్క చిప్‌ల మీద వేడిని దాటించే మెత్తటి ప్యాడ్లు చిరిగితే అదే మందానివి వెయ్యాలి. పేస్ట్‌తో పూడిస్తే సందు మిగిలిపోతుంది.

ప్రశ్న అడిగినవారు: ఈలోగా పని నడవాలంటే?

జవాబు (భీమవరం): విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మ్యాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ 99 శాతానికి దించండి. టర్బో (ప్రాసెసర్ అదనపు వేగం) ఆగి వేడి తగ్గుతుంది, ఎడిటింగ్ మాత్రం నెమ్మదిస్తుంది. పరుపు మీద పెట్టకండేం.