పెద్ద యూనివర్సిటీ నుంచి చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీకి ట్రాన్స్‌ఫర్: క్రెడిట్లు, ఫీజు, ఐ-20

నల్లమల:
అమెరికాలో స్టేట్ యూనివర్సిటీల్లో బ్యాచిలర్స్ చదువుతూ, ఒకటి రెండేళ్ల తర్వాత చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీకి (వృత్తి కోర్సులు కాకుండా సైన్స్, సాహిత్యం, సామాజిక శాస్త్రాల్లాంటివి ఎక్కువగా బ్యాచిలర్స్ స్థాయిలో నేర్పేది) మారాలనుకునేవాళ్ల ప్రశ్నలు ఇక్కడ ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి. ఒకే చోట పోగేద్దాం. క్లాసులు చిన్నవి, ప్రొఫెసర్లే పాఠం చెప్తారు లాంటివి అందరికీ తెలుసు, అవి వదిలేయండి. క్రెడిట్లు ఎలా లెక్కిస్తారు, ఎయిడ్ (ఫీజు సాయం) ఎవరికి వస్తుంది, ఎఫ్-1 (విద్యార్థి వీసా) వాళ్లకు ఐ-20 (ఆ వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) ఎక్కడ తేడా కొడుతుంది, ఈ మూడూ చెప్పండి చాలు.

కొల్లేరు_గాలి:
ముందు క్రెడిట్లు. ఫీజు లెక్క దీని మీదే ఆధారపడి ఉంటుంది.

పెద్ద యూనివర్సిటీలో కోర్సు సాధారణంగా 3 క్రెడిట్లు, డిగ్రీకి 120. ఆమ్‌హర్స్ట్, విలియమ్స్, స్వార్త్‌మోర్, పొమోనా లాంటి చోట్ల లెక్క కోర్సుల్లో ఉంటుంది: డిగ్రీకి 32, సెమిస్టర్‌కి 4. చాలా కాలేజీలు ఒక కోర్సును 4 సెమిస్టర్ క్రెడిట్లకు సమానం చేస్తాయి. అంటే మీ 3 క్రెడిట్ల కోర్సు అక్కడ ముప్పావు కోర్సు అవుతుంది.

రెండేళ్లలో 60 క్రెడిట్లు పూర్తిచేశారనుకోండి. 60ని 4తో భాగిస్తే 15. ఇంకా 17 కోర్సులు కావాలి. నాలుగు సెమిస్టర్లలో 16 వస్తాయి. ఒకటి తగ్గింది, ఒక సెమిస్టర్‌లో 5 తీసుకుంటే సరిపోతుంది. కానీ అందులో రెండు కోర్సులు ఒప్పుకోలేదంటే 54 క్రెడిట్లే మిగులుతాయి, అంటే 13.5. ఇప్పుడు 18.5 కోర్సులు బాకీ. ఆ సగం కోసం కూడా ఒక పూర్తి కోర్సు చేయాలి, కాబట్టి 19. నాలుగు సెమిస్టర్లలో మూడింట ఐదేసి చదవాలి, లేదంటే ఐదో సెమిస్టర్ కట్టాలి. గది, భోజనం కలిపి ఏడాదికి 85,000 డాలర్లు దాటే కాలేజీలో ఒక అదనపు సెమిస్టర్ అంటే 40,000 పైమాటే.

కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌ల నుంచి వచ్చేవాళ్లు మరీ జాగ్రత్త. బర్క్‌లీ, మెర్సెడ్ తప్ప మిగతా అండర్‌గ్రాడ్ క్యాంపస్‌లన్నీ క్వార్టర్ పద్ధతిలో (సెమిస్టర్ కంటే చిన్న టర్ములు) నడుస్తాయి. క్వార్టర్ యూనిట్ సెమిస్టర్ యూనిట్‌లో మూడింట రెండొంతులు. 4 యూనిట్ల క్వార్టర్ కోర్సు 2.67 క్రెడిట్లే.

కొన్ని కాలేజీలు మాత్రం కోర్సుకు కోర్సు ఇచ్చేస్తాయి. అందుకే రిజిస్ట్రార్‌కి రాసే మొదటి ఈమెయిల్‌లో అడగాల్సింది ఒక్కటే: కోర్సుకు కోర్సా, గంటలకు గంటలా (అంటే పైన చెప్పిన క్రెడిట్ల లెక్కనా)?

గోదారి_లంక:
కొల్లేరు గారు, ఏ కోర్సులు ఒప్పుకోరో కూడా రాయండి. మా తమ్ముడి లిస్ట్‌లో అకౌంటింగ్, బిజినెస్ కమ్యూనికేషన్ ఉన్నాయి. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్షలు) క్రెడిట్లు కూడా 20 దాకా ఉన్నాయి.

కొల్లేరు_గాలి:
ఆ రెండూ పోయే లెక్కలోనే ఉంచుకోండి. అకౌంటింగ్, మార్కెటింగ్, నర్సింగ్, ఇంజనీరింగ్ డ్రాయింగ్ లాంటి వృత్తి కోర్సులకు లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు చాలావరకు క్రెడిట్ ఇవ్వవు. సి కంటే తక్కువ గ్రేడ్, పాస్/ఫెయిల్‌లో తీసుకున్నవి, ఆన్‌లైన్‌లో చేసినవి కూడా సాధారణంగా పోతాయి. స్టాటిక్స్, థర్మోడైనమిక్స్ చేసినవాళ్లు ఇంజనీరింగ్ డిగ్రీ ఉన్న స్మిత్ (ఇది మహిళా కాలేజీ), స్వార్త్‌మోర్, లఫయెట్, హార్వీ మడ్ లాంటివి చూసుకోవడం మేలు. మిగతా చోట్ల వాటికి సరిపోయే కోర్సు ఉండదు.

ఏపీ సంగతి వేరు. పాత యూనివర్సిటీ ట్రాన్స్‌క్రిప్ట్ మీద 20 క్రెడిట్లు కనిపించినా కొత్త కాలేజీ వాటిని లెక్కలోకి తీసుకోదు. ఆ పరీక్షలు పెట్టే కాలేజ్ బోర్డు నుంచి స్కోర్లు నేరుగా తెప్పించుకుని తన నియమాల ప్రకారం మళ్లీ చూస్తుంది. చాలాచోట్ల ఏపీ వల్ల పై కోర్సులో కూర్చోనిస్తారు గానీ డిగ్రీ లెక్కలో కలపరు. 20ని సున్నా అనుకుని లెక్క వేయండి, వస్తే సంతోషం.

ఇంకోటి, సిలబస్ పీడీఎఫ్‌లు. చదివిన ప్రతి కోర్సు సిలబస్‌నూ ఇప్పుడే దింపుకోండి: వారాల వారీ పాఠాలు, పుస్తకం పేరు, ల్యాబ్ గంటలు ఉన్నది. యూనివర్సిటీ వదిలాక కాన్వాస్ (కోర్సుల సైట్) లాగిన్ పోతుంది. కేటలాగ్‌లోని నాలుగు వాక్యాల వివరణ చూసి ఏ డిపార్ట్‌మెంటూ లీనియర్ ఆల్జీబ్రాకు సమానమని సంతకం పెట్టదు.

ఆవకాయ_404:
రెసిడెన్సీ నియమం ఎవరూ చెప్పలేదు. ఆమ్‌హర్స్ట్, విలియమ్స్ లాంటి చోట్ల డిగ్రీ కావాలంటే కనీసం రెండేళ్లు అక్కడే చదవాలి. అంటే మూడేళ్ల క్రెడిట్లు పట్టుకెళ్లినా రెండేళ్ల విలువే దక్కుతుంది. జూనియర్ (మూడో) ఏడాది అయ్యాక మారడంలో అర్థం లేదు. జూనియర్‌గా వెళ్లేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి: చిన్న డిపార్ట్‌మెంట్లలో పై కోర్సులు ఏడాది విడిచి ఏడాది పెడతారు. ఆపరేటింగ్ సిస్టమ్స్ మీ సీనియర్ (నాలుగో) ఏడాదిలో అసలు ఉంటుందో లేదో గత మూడేళ్ల షెడ్యూల్ చూస్తే తెలుస్తుంది. ఆ షెడ్యూళ్లు కాలేజీ సైట్లలో అందరికీ కనిపిస్తాయి, ఐదు నిమిషాల పని. బ్రోషర్ చదివే ఓపికలో సగం దీని మీద పెట్టండి.

నల్లమల:
అప్లికేషన్ వైపు?

ఉప్పుటేరు:
కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకు ఒకేచోట దరఖాస్తు చేసే సైట్) ట్రాన్స్‌ఫర్ దరఖాస్తు ఫస్ట్ ఇయర్ దరఖాస్తుకు వేరుగా ఉంటుంది. ఫాల్‌కి (ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలయ్యే సెమిస్టర్) గడువు ఎక్కువగా మార్చి 1, ఏప్రిల్ 1 మధ్యలో పడుతుంది, ఫలితాలు మే నెలలో. కావాల్సినవి:

- అన్ని కాలేజీల ట్రాన్స్‌క్రిప్ట్‌లు, హైస్కూల్‌వి కూడా. ఆంధ్ర, తెలంగాణల్లో చదివినవాళ్లకు పదో తరగతి, ఇంటర్ రెండేళ్ల మార్కుల మెమోలు.
- కాలేజ్ రిపోర్ట్. మీ మీద క్రమశిక్షణ చర్యలు లేవని డీన్ లేదా రిజిస్ట్రార్ ఆఫీసు నింపి ఇచ్చేది.
- మిడ్-టర్మ్ రిపోర్ట్. ఈ సెమిస్టర్ కోర్సుల్లో ఇప్పటిదాకా వచ్చిన గ్రేడ్లు.
- ప్రొఫెసర్ల సిఫారసులు, ఒకటో రెండో.

ఆఖరిదే కష్టం. మూడొందల మంది కూర్చునే క్లాసులో ప్రొఫెసర్‌కి మీ పేరు తెలియదు. టీఏ (టీచింగ్ అసిస్టెంట్) ఉత్తరాన్ని కొన్ని కాలేజీలు ఒప్పుకోవు. మారే ఆలోచన ఉంటే ముందు ఫాల్‌లోనే పాతిక మంది లోపు ఉండే సెమినార్ ఒకటి తీసుకోండి. ఆనర్స్ సెక్షన్లు, ఫస్ట్ ఇయర్ రైటింగ్ కోర్సులు అలాంటివే. మిడ్-టర్మ్ రిపోర్ట్ మీద సంతకాలకు పెద్ద యూనివర్సిటీలో వారం రెండు వారాలు పట్టొచ్చు. స్ప్రింగ్ బ్రేక్ గడువు మీదే పడితే ఇంక ఎవరూ దొరకరు.

వ్యాసంలో ‘ఇక్కడ క్లాసులు పెద్దవి’ అని ఫిర్యాదు రాయొద్దు. అది చేరక ముందే తెలిసిన సంగతి కదా అంటారు చదివేవాళ్లు. అక్కడ ఏ కోర్సు, ఏ ల్యాబ్, ఏ థీసిస్ పద్ధతి కోసం వస్తున్నారో పేరు పెట్టి రాయండి.

గోదారి_లంక:
ఎయిడ్? మా వాళ్లది వ్యవసాయం. ఐటీఆర్‌లో ఆదాయం దాదాపు ఏమీ కనిపించదు.

ఉప్పుటేరు:
రెండు విషయాలు కలపొద్దు. ఫస్ట్ ఇయర్ విదేశీ విద్యార్థులకు ఎయిడ్ ఇచ్చే కాలేజీ ట్రాన్స్‌ఫర్ విదేశీ విద్యార్థులకు ఇస్తుందనే గ్యారంటీ లేదు. కొన్ని ఒక్క డాలర్ కూడా ఇవ్వవు. నీడ్-బ్లైండ్ (ఎయిడ్ అడిగారా అన్నది సీటు ఇచ్చేటప్పుడు చూడకపోవడం) అన్న మాట ఎవరికి వర్తిస్తుందో ట్రాన్స్‌ఫర్ పేజీలోనే చూడాలి, ఫస్ట్ ఇయర్ పేజీలో కాదు. చేరేటప్పుడు అడగకపోతే తర్వాత నాలుగు సెమిస్టర్లూ అడగనివ్వని కాలేజీలు చాలానే ఉన్నాయి. పాత యూనివర్సిటీ మెరిట్ స్కాలర్‌షిప్ మీ వెంట రాదు.

ఎయిడ్ కోసం నింపే సీఎస్ఎస్ ప్రొఫైల్‌లో వ్యవసాయ ఆదాయం దాచే పని లేదు, వదిలేయనూ కూడదు. దానికి ఆదాయపు పన్ను లేదు కాబట్టి పన్ను కట్టని ఆదాయం దగ్గర చూపించి, ప్రత్యేక పరిస్థితుల గడిలో ఎకరాలెన్ని, పంటేమిటి, ఖర్చు పోను ఏడాదికి మిగిలేది ఎంత అని నాలుగు వాక్యాలు రాయండి. మీసేవలో తీసుకునే తహసీల్దార్ ఆదాయ ధ్రువపత్రం, పట్టాదారు పాస్‌బుక్, వీటి ఇంగ్లిష్ అనువాదం జతచేయండి. అడ్డం తిరిగేది భూమి విలువ. ప్రభుత్వ రిజిస్ట్రేషన్ విలువ ఒకటి, మార్కెట్ ధర ఇంకొకటి. ఏది వేశారో, ఎందుకు వేశారో రాయకపోతే ఎయిడ్ ఆఫీసు తిరిగి అడుగుతుంది, మే నెలలో రెండు వారాలు పోతాయి.

హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబాలకు ఇచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ ఎయిడ్ లేదు. చాలా ప్రైవేట్ కాలేజీలు ఎయిడ్ విషయంలో వాళ్లను విదేశీ విద్యార్థులుగానే చూస్తాయి. సొంత రాష్ట్రంలో ఇన్-స్టేట్ (ఆ రాష్ట్రంవాళ్లకు ఉండే తక్కువ) ఫీజు కడుతున్నవాళ్లు ఆ తేడా ఒకసారి కాగితం మీద వేసుకోండి. 21 నిండేలోపు ఎఫ్-1కి మారే పని కూడా ఇదే సమయంలో పడొచ్చు.

కృష్ణా_కరకట్ట:
ఎఫ్-1 సంగతి నేను రాస్తాను. సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు) నంబర్ మారదు. ఐ-901 (సెవిస్) ఫీజు మళ్లీ కట్టక్కర్లేదు. వీసా స్టాంపు గడువు ఉంటే దాని మీద పాత యూనివర్సిటీ పేరున్నా పనికొస్తుంది, కొత్త ఐ-20 చేతిలో ఉండాలి. ఇప్పుడు ఐ-20 పీడీఎఫ్‌గా వస్తుంది, ప్రింట్ తీసి సంతకం పెట్టుకోవడమే.

తలనొప్పి అంతా రిలీజ్ తేదీ దగ్గర. పాత డీఎస్ఓ (కాలేజీలో విదేశీ విద్యార్థుల రికార్డులు చూసే అధికారి) మీ రికార్డును కొత్త కాలేజీకి వదిలే రోజు అది. ఆ రోజుతో పాత యూనివర్సిటీలో క్యాంపస్ ఉద్యోగం, సీపీటీ (చదువులో భాగంగా చేసే ఇంటర్న్‌షిప్‌కు అనుమతి) రెండూ ఆగిపోతాయి. ఆ రోజు వచ్చేదాకా కొత్త కాలేజీ ట్రాన్స్‌ఫర్ ఐ-20 ఇవ్వలేదు.

వేసవి ఇంటర్న్‌షిప్ ఆగస్టు 10 దాకా ఉందనుకోండి. సీపీటీ కోసం రిలీజ్ తేదీ ఆగస్టు 11 పెట్టుకుంటే కొత్త ఐ-20 ఆగస్టు మూడో వారానికి వస్తుంది. కొత్త కాలేజీ ఓరియంటేషన్ అప్పటికే మొదలై ఉండొచ్చు. అమెరికాలోనే ఉంటే ఫర్వాలేదు. మధ్యలో ఇండియా వెళ్లి రావాలనుకుంటే మాత్రం రెండూ కుదరవు. ప్రయాణం ఉన్నవాళ్లు రిలీజ్ తేదీ మే చివరో జూన్ మొదట్లోనో పెట్టుకుని, కొత్త ఐ-20తో తిరిగి రావడమే శుభ్రమైన దారి. ఇంకో మెలిక: ఫాల్‌లో తిరిగి రానివాళ్లకు పాత యూనివర్సిటీ వేసవి సీపీటీ ఇవ్వకపోవచ్చు. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టే ముందే డీఎస్ఓను అడగండి.

రిలీజ్ తేదీ దాటకముందు మనసు మారితే ట్రాన్స్‌ఫర్ రద్దు చేయించుకోవచ్చు. దాటాక రికార్డు కొత్త కాలేజీది. కొత్త చోట ప్రోగ్రాం మొదలైన 15 రోజుల్లో డీఎస్ఓకి రిపోర్ట్ చేయాలి, అడ్రస్ మారితే 10 రోజుల్లో చెప్పాలి.

మొదటి విద్యా సంవత్సరం పూర్తి కాకుండా మారడాన్ని కట్టడి చేసే నిబంధనను డీహెచ్ఎస్ (అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ శాఖ) 2025 ఆగస్టులో ప్రతిపాదించింది. ఫ్రెష్‌మన్ (మొదటి) ఏడాది మధ్యలో మారాలనుకునేవాళ్లు దాని పరిస్థితి ఏమిటో దరఖాస్తుకు ముందే డీఎస్ఓ దగ్గర కనుక్కోవాలి.

ఆవకాయ_404:
బీఏ ఇస్తే స్టెమ్ ఓపీటీ (సైన్స్, టెక్నాలజీ డిగ్రీలవాళ్లకు చదువయ్యాక వచ్చే ఉద్యోగ అనుమతి పొడిగింపు) రాదని వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. తప్పు. బీఏనా బీఎస్సా అన్నది కాదు, ఐ-20 మీద ఉన్న సీఐపీ (చదివే సబ్జెక్టు వర్గీకరణ) కోడ్ ముఖ్యం. కంప్యూటర్ సైన్స్ 11.0701, బీఏ అయినా స్టెమ్. ఎకనామిక్స్‌కి 45.0603 ఉంటే 24 నెలల పొడిగింపుకు అర్హత, 45.0601 ఉంటే 12 నెలల ఓపీటీతో సరి. చేరకముందే కోడ్ అడిగి ఈమెయిల్‌లో రాయించుకోండి.

ప్రీ-మెడ్ (తర్వాత మెడికల్ స్కూల్‌కి వెళ్లాలనుకునే) వాళ్లకు: కొత్త కాలేజీలో జీపీఏ సున్నా నుంచి మొదలవుతుంది, నిజమే. కానీ మెడికల్ స్కూళ్ల ఉమ్మడి దరఖాస్తు ఏఎంసీఏఎస్‌కి చదివిన ప్రతి కాలేజీ గ్రేడ్లూ ఇవ్వాలి. పాత ఆర్గానిక్ కెమిస్ట్రీలో వచ్చిన సి గ్రేడ్ ఎక్కడికీ పోదు.

కొల్లేరు_గాలి:
అపార్ట్‌మెంట్ లీజు గురించి కూడా చెప్పాలి. పెద్ద యూనివర్సిటీ ఊళ్లలో వచ్చే ఆగస్టు లీజు ముందు ఏడాది అక్టోబరు, నవంబరుల్లోనే సంతకం చేయిస్తారు. ట్రాన్స్‌ఫర్ ఫలితం మేలో. సబ్‌లీజ్‌కి (ఇంకొకరికి అద్దెకివ్వడానికి) ఒప్పుకునే క్లాజు లేకుండా సంతకం పెట్టొద్దు. చిన్న కాలేజీల్లో హాస్టల్, మీల్ ప్లాన్ దాదాపు తప్పనిసరి, కాబట్టి రెండు అద్దెలు పడతాయి.

ఫలితం వచ్చి డిపాజిట్ కట్టేదాకా పాత చోట ఫాల్ రిజిస్ట్రేషన్ ఉంచండి. కట్టాక క్లాసులు మొదలయ్యే రోజులోపు అన్నీ డ్రాప్ చేయండి, లేకపోతే ఫీజు బిల్లు వస్తుంది. ఆ బిల్లు ఉంటే ఫైనల్ ట్రాన్స్‌క్రిప్ట్ ఆపేసే యూనివర్సిటీలున్నాయి. అది రాకపోతే కొత్త చోట క్రెడిట్ లెక్క మొదలు కాదు.

గోదారి_లంక:
ఊరు చిన్నదైతే మనవాళ్లకి ఇబ్బందా?

ఉప్పుటేరు:
అయోవాలోని గ్రినెల్ లాంటి కాలేజీ ఊరి నుంచి పెద్ద నగరం డె మోయిన్ దాదాపు గంట ప్రయాణం. కందిపప్పు కోసం కారున్న సీనియర్‌ని పట్టుకోవాలి. శీతాకాలం సెలవుల్లో చాలా కాలేజీలు హాస్టళ్లు మూసేస్తాయి, ఉండాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. ఇది మరీ కష్టమనిపిస్తే పొరుగు కాలేజీల్లో కోర్సులు తీసుకోనిచ్చేవి చూడండి. ఆమ్‌హర్స్ట్, స్మిత్, మౌంట్ హోల్యోక్ విద్యార్థులు యూమాస్ ఆమ్‌హర్స్ట్‌లో కోర్సు చేయొచ్చు, మధ్యలో బస్సులు తిరుగుతాయి. పొమోనా, హార్వీ మడ్ లాంటి క్లేర్‌మాంట్ కాలేజీలు పక్కపక్కనే ఉంటాయి. స్వార్త్‌మోర్, హావర్‌ఫర్డ్, బ్రిన్ మార్ ఒక జట్టు. మీ తమ్ముడికి కంప్యూటర్ సైన్స్ పై కోర్సులే కావాలంటే నా ఓటు ఇలాంటి వాటికే, స్మిత్, మౌంట్ హోల్యోక్, బ్రిన్ మార్ మాత్రం మహిళా కాలేజీలు, అవి వదిలేయండి.

గోదారి_లంక:
వాడివి 54 క్రెడిట్లే నిలుస్తాయని తేలింది. కోర్సుకు కోర్సు ఇచ్చే కాలేజీలు మాత్రమే లిస్ట్‌లో ఉంచుతున్నాం. రిజిస్ట్రార్ల జవాబులు రాగానే ఇక్కడ పెడతాను.