సమస్యాపూరణం: ఎఱ్ఱ పొడి చల్ల నదిపాయ యెల్ల పచ్చ

పృచ్ఛకుడు:
ఈ వారం తేటగీతి పద్యం. చివరి పాదం నాది, పై మూడు పాదాలు మీరు పూరించాలి:

ఎఱ్ఱ పొడి చల్ల నదిపాయ యెల్ల పచ్చ

అసంభవం కాదు, షికాగోలో ఏటా జరిగేదే. మార్చి 17 ఐరిష్‌వారి సెయింట్ పాట్రిక్ పండుగ. ఊరేగింపు శనివారం పొద్దున్నే ప్లంబర్ల సంఘం వాళ్ళు మోటారు పడవెక్కి నదిలో నారింజరంగు పొడి చల్లుతారు. నీళ్ళలో పడగానే పచ్చ! 1962లో మొదటిసారి 100 పౌన్లు పోస్తే వారం దాకా పచ్చ వదల్లేదట. ఇప్పుడు 40 పౌన్లతో సరిపెడుతున్నారు. నారింజను ఎఱ్ఱ అన్నానని కోప్పడకండి, ఎర్రమన్ను మాత్రం ఏమంత ఎరుపు?

నల్లేరు:
మార్చి శనివార ముదయాన మనసు పొంగ
పడవ లోనుండి గొట్టాల పనుల వారు
పిండి జల్లెడలను పట్టి పెంచి వేడ్క
ఎఱ్ఱ పొడి చల్ల నదిపాయ యెల్ల పచ్చ

పృచ్ఛకుడు:
నల్లేరు గారూ, గణాలు, యతులు (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడీలు) సరిపోయాయి. 'వేడ్క' తర్వాత పద్యం మధ్యలో అచ్చు నిలిచింది, 'యెఱ్ఱ' అనండి. యతికి ఢోకా లేదు. పిండి జల్లెడ నిజమే, దానితోనే చల్లుతారు. నాకు నచ్చింది కూడా అదే.

వానకోయిల:
నేను షికాగోలోనే ఉంటాను. చలికి వణుకుతూ వంతెన మీద నిలబడి చూశాను. నల్లేరు గారు రెండో పడవను మరిచారు. ముందు పడవ చల్లుతుంటే వెనక పడవ గిరగిరా తిరిగి నీళ్ళు చిలుకుతుంది. క్షీరసాగర మథనమే! ఇక నా పూరణ:

మురికి యెచ్చట నదిచేరు ముందు తెలియ
రంగు వేసిరి తొలుదొల్త రహిని వారు
పనియె పండుగ యయ్యె నీ పట్టణాన
ఎఱ్ఱ పొడి చల్ల నదిపాయ యెల్ల పచ్చ

ఏ గొట్టం నుంచి మురుగు నదిలోకి వస్తోందో పట్టుకోవడానికి ప్లంబర్లు ఆ రంగు వాడేవారు. ఒకతని బట్టలకు అంటిన పచ్చ మరకలు చూశాకే సంఘం పెద్ద స్టీఫెన్ బెయిలీకి నది సంగతి తట్టిందని చెబుతారు.

పృచ్ఛకుడు:
భావం ఎత్తుగడలోనే గెలిచింది తల్లీ. రెండో పాదంలో 'రహిని' మాత్రం యతి కోసం అద్దెకు తెచ్చిన మాట. 'రంగు వేసిరి గొట్టాలు రంధ్రమయిన' అంటే కథలోకి వస్తుంది. నాలుగో పాదానికి నల్లేరు గారికి చెప్పిన మాటే.

గణయతి:
కనుల రంగులు తెలియని కాంతు డొకడు
నదిని గనుగొని యనెనిట్లు నవ్వుకొనుచు
పచ్చ యెరుపని యెరుపును పచ్చ యనుచు
నెఱ్ఱ పొడి చల్ల నదిపాయ యెల్ల పచ్చ

నల్లేరు:
మాస్టారూ, చమత్కారం బాగుంది గానీ తిరగబడింది. మీ కాంతుడు రంగులు తారుమారు చేసే మనిషైతే, అసలు జరిగింది పచ్చ పొడి, ఎర్ర నది అన్నమాట! పైగా ఆ లోపమున్న చాలామందికి ఎరుపు, పచ్చ దాదాపు ఒకేలా కనిపిస్తాయి గానీ అటుదిటు కావు.

గణయతి:
ఒప్పుకున్నాను. మా ఇంట్లోనూ ఇదే తీర్పు వచ్చింది.

అయినా ఒక అభ్యంతరం. పచ్చ అంటే మనకు పసుపు కూడానూ. మేలిమి బంగారం పచ్చన, పసుపు కొమ్ము పచ్చన. ఆకుపచ్చ అని మూడు పూరణల్లో ఎవరూ తేల్చలేదు, నాతో సహా.

పృచ్ఛకుడు:
ఆ లోటు నా పాదంలోనే ఉంది.

నల్లేరు:
ఇంతకీ ఆ రంగుకు చేపలు ఏమవుతాయి?

వానకోయిల:
మొదట్లో ఫ్లోరెసీన్ అనే రసాయన రంగు వాడేవారు. పర్యావరణవాదులు గోల పెడితే 1966 నుంచి మొక్కల నుంచి తీసే రంగుకు మారామంటారు. పాళ్ళు మాత్రం బయటపెట్టరు, మా అత్తయ్య ఆవకాయలాగే. అన్నట్టు ఈ నది 1900 నుంచి వెనక్కి పారుతోంది. ఊరి మురుగు మిషిగన్ సరస్సులో, అంటే తాగేనీళ్ళలో కలవకుండా కాలువ తవ్వి ప్రవాహాన్నే తిప్పేశారు.

పృచ్ఛకుడు:
అయితే వచ్చే వారం సమస్య దొరికింది:

ఏఱు వెనుకకు మరలి తా నేగె నహహ

'అహహ' కూడా అద్దె మాటే. ముందే ఒప్పుకుంటున్నాను, వానకోయిల ఊరుకోదు.