సమస్యాపూరణం: “మాట లేనివాఁడె మనసు విప్పె”

నిర్వాహకుడు:
ఈ వారం ఇచ్చిన పాదం ఆటవెలది పద్యంలో నాలుగోది. ముందు మూడు పాదాలూ మీరు రాయాలి.

మాట లేనివాఁడె మనసు విప్పె

వస్తువు: జంటలో ఇద్దరూ మమతను తెలుపుకునే తీరుల్లో ఉండే తేడా. మనసు విప్పడమంటే మామూలుగా మాట్లాడటమే. మాటే లేనివాడు ఎలా విప్పాడన్నది ఇక్కడి ముడి.

గణాలు: మాట (హ), లేని (హ), వాఁడె (హ), మనసు (న), విప్పె (హ). ఐదూ సూర్యగణాలే (హ అంటే గురువు, లఘువు; న అంటే మూడు లఘువులు). యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో మైత్రి, మా–మ. ఇదే నడక చెవిలో పడి నాలుగు పాదాలనూ ఇలాగే రాసేయడం ఎక్కువగా జరిగే పొరపాటు. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాల తర్వాత రెండు ఇంద్రగణాలు (నల, నగ, సల, భ, ర, త) రావాలి. యతికి బదులు ప్రాసయతి (ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలవడం) చెల్లుతుంది.

ఇంకో షరతు. “ఎంతో ప్రేమించాడు” అని చెప్పి ఊరుకోవద్దు. ఎదుటి మనిషి కంటికి ఆనే గుర్తు పద్యంలో ఒక్కటైనా ఉండాలి.

తొలకరి:

అలసి యిల్లుఁ జేర నంట్లెల్లఁ దాఁ దోమి
పక్క సర్ది నీటి పాత్ర నుంచి
ప్రేమ యనెడు పలుకు పెదవిపైఁ బెట్టక
మాట లేనివాఁడె మనసు విప్పె

గంటం:
తొలకరి గారూ, గణాలు, యతులు అన్నీ సరిపోయాయి. “అంట్లు” అన్న ఇంటిమాటను పద్యంలోకి తేవడం నచ్చింది. “పాత్రలు” అని ఉంటే ఆ చాకిరీ కనబడేది కాదు. రెండో పాదం చివర మాత్రం చిక్కుంది. “పాత్ర నుంచి” అనగానే “పాత్రలోంచి” అనే అర్థం ముందు తడుతుంది. “పాత్ర నింపి” అనండి. గణం చెడదు, అయోమయం పోతుంది.

విషయం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పనితో ప్రేమ తెలిపేవారికి ఎదురయ్యే పెద్ద చిక్కు ఏమిటంటే, ఆ పని ఎదుటివారికి పనిలాగే కనబడుతుంది. అంట్లు తోమితే వంటగది శుభ్రమైందనుకుంటారు గానీ, “నా అలసట గమనించాడు” అని అనుకోకపోవచ్చు. చేసినవాడు లోలోపల లెక్క రాసుకుంటాడు, పొందినవారికి ఆ లెక్క ఉందనే తెలియదు. కొన్నాళ్ళకు “ఇంత చేస్తున్నా గుర్తింపు లేదు” అని ఒకరు, “ఒక్క మంచి మాటైనా అనడు” అని మరొకరు. నిజానికి ఇద్దరూ ఇస్తూనే ఉన్నారు.

దీనికి మార్గం చిన్నదే. పనికి కారణాన్ని ఒక్క వాక్యంలో జతచేయాలి: “ఇవాళ నీకు నిలబడే ఓపిక లేదనిపించింది, అందుకే తోమేశాను.” అందుకున్నవారు కూడా ఉత్త “థాంక్స్” దగ్గర ఆగకుండా పనిని పేరుపెట్టి చెప్పాలి: “వచ్చేసరికి పక్క సర్ది ఉంది, ప్రాణం లేచొచ్చింది.” మాటలు కోరుకునేవారికి మాట, పని చేసేవారికి గుర్తింపు రెండూ అందుతాయి.

ఇంకో సంగతి. ఎదుటివారు ఏ పని కోరుకుంటున్నారో ఊహించి చేయడం కంటే అడగడం మేలు. “నీకేం కావాలి?” అంటే జవాబు రాదు. “గత వారం నేను చేసినవాటిలో నీకు బాగా అక్కరకొచ్చింది ఏది?” అంటే వస్తుంది.

వెన్నముద్ద:

చేతి పనిని నిలిపి చెలి చెప్పు కథ విని
కనుల నెత్తి చూచెఁ గదలకుండ
పిదప నేమొ యనుచు బిగియు చూపులతోడ
మాట లేనివాఁడె మనసు విప్పె

కలువరేకు:
భావం మంచిది, కానీ “బిగియు చూపులు” కోపాన్ని సూచిస్తాయి. చెలి కథ చెబుతుంటే అతను గుడ్లురిమినట్టు ఉంది. ఒక్క మాట మార్చి “పిదప నేమొ యనుచుఁ బిలుచు చూపులతోడ” అంటే సరి. పి–బి వర్గయతి (ఒకే వర్గపు హల్లుల మైత్రి) నిలుస్తుంది, గణమూ మారదు.

“పిలుచు” అనమనడానికి ఇంకో కారణం ఉంది. జంటల మీద పరిశోధన చేసిన జాన్ గాట్మన్ లెక్కల్లో ఇలాంటి చిన్న చిన్న పిలుపులే ముఖ్యం. “చూడు, ఆ పిట్ట!” అనడం కూడా పిలుపే. కొత్త జంటలను చూసి ఆరేళ్ళ తర్వాత మళ్ళీ చూస్తే, కలిసి ఉన్నవారు అలాంటి పిలుపులకు 100కు 86 సార్లు తిరిగి పలికినవారు, విడిపోయినవారు 33 సార్లే. పలకడమంటే మాటే కానక్కరలేదు, తల తిప్పి చూసినా చాలు. మీ రెండో పాదంలో కనులెత్తడం అదే.

గంటం:
“పిదప నేమొ” అన్న చోటే ఈ పద్యానికి ప్రాణం. ఎదుటివారు మంచి వార్త చెప్పినప్పుడు మనం నాలుగు రకాలుగా స్పందిస్తాం: ఉత్సాహంగా ఇంకా వివరాలు అడగడం, “బాగుంది” అని వదిలేయడం, అందులో లోపం వెతకడం, అసలు విషయమే మార్చేయడం. షెల్లీ గేబుల్, ఆమె తోటివారు 2004లో ప్రచురించిన పరిశోధనలో వీటిలో మొదటిదే బంధం బాగుండటంతో ముడిపడి కనిపించింది. “బాగుంది” అని ముక్తసరిగా అనడం మెచ్చుకోలే కదా అనుకుంటాం, కానీ ఆ ఫలితాల్లో అది మంచివైపు లేదు. కాబట్టి మాటలు రానివారు కనీసం “తర్వాత?” అన్న ఒక్క మాటైనా అలవాటు చేసుకోవాలి.

చిరుగాలి:

పుట్టినట్టి నాఁడు పూలు దెచ్చె
ఎపుడొ యనిన మాట ఎదలోన దాఁచుక
నోరు విప్పి చెప్ప నేరక యున్నను
మాట లేనివాఁడె మనసు విప్పె

తొలకరి:
చిరుగాలి గారూ, మొదటి పాదంలో ఐదూ సూర్యగణాలే వచ్చాయి. రెండో పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు (ఎదలోన – సల, దాఁచుక – భ) వచ్చాయి. మూడో పాదంలో నో–నే యతి కుదరలేదు. హల్లు ఒకటే, అచ్చులు ఓ, ఏ కలవవు.

గంటం:
మొదటి రెండు మాటలూ నిజం. మూడోది కాదు. నోరు–నేర: రెండో అక్షరం రెండు చోట్లా రేఫ, దాని ముందున్నది రెండు చోట్లా గురువు. ప్రాసయతి చక్కగా పడింది. పైగా “నోరు విప్పి” చెప్పలేనివాడు “మనసు విప్పె” అనడం పునరుక్తి కాదు, ఆ ఎదురుబొదురే పద్యానికి అందం.

ఇక గణాల తప్పును దిద్దడానికి కొత్తగా ఏమీ రాయక్కరలేదు. మొదటి రెండు పాదాలనూ తారుమారు చేయండి. “మాట ఎద” అన్నచోట విసంధి (సంధి చేయకుండా వదిలేయడం) ఉంది కాబట్టి “మాట నెద” అనండి.

ఎపుడొ యనిన మాట నెదలోన దాఁచుక
పుట్టినట్టి నాఁడు పూలు దెచ్చె
నోరు విప్పి చెప్ప నేరక యున్నను
మాట లేనివాఁడె మనసు విప్పె

ఇప్పుడు కథాక్రమం కూడా బాగుపడింది. ముందు గుర్తుపెట్టుకోవడం, తర్వాత తేవడం. కానుకలో విలువ ఆ వరుసలోనే ఉంది. ఎప్పుడో యథాలాపంగా అన్న మాటను రాసిపెట్టుకుని సమయానికి తెచ్చిన నాలుగు పూలు, తేదీ ముంచుకొచ్చాక కంగారుగా కొన్న ఖరీదైన వస్తువు కంటే గట్టిగా పలుకుతాయి. మరచిపోతామన్న భయం ఉంటే విన్న రోజే ఎక్కడైనా రాసుకోవడంలో తప్పు లేదు. రాసుకున్నంత మాత్రాన ప్రేమ తగ్గదు.

కలువరేకు:
అందరూ మౌనాన్నే మెచ్చుకుంటున్నారు. నాది ఎదురు వాదం. చివరి పాదాన్ని ప్రశ్నగా చదవాలి.

చెప్పకున్న నెట్లు చెలియకుఁ దెలియును
గుండె యూహతోడఁ గుములుచుండు
మౌన మెల్ల వలపు మాటగా నెంచకు
మాట లేనివాఁడె మనసు విప్పె?

చిరుగాలి:
ప్రశ్నార్థకం పెట్టడం సమస్యను మార్చడం కాదా?

నిర్వాహకుడు:
కాదు. ఒక్క అక్షరం మారలేదు, స్వరం మారింది. కాకువుతో, అంటే గొంతు విరుపుతో, అర్థాన్ని తిప్పడం పూరణలో చెల్లే పద్ధతే. మౌ–మా యతి కూడా సరైనదే, ఔకారం అకారంతో కలుస్తుంది. ఈ వారం వచ్చిన వాటిలో నాకు బాగా నచ్చిన పూరణ ఇది.

గంటం:
ఈ పద్యం చెప్పిన సంగతి అవసరం. మౌనాలు రెండు రకాలు. ఒకటి, మాట రాక చేతల్లో పలికే మౌనం. రెండోది, గొడవ మధ్యలో తలుపు మూసేసినట్టు బిగుసుకుపోయే మౌనం. ఈ రెండోదాన్ని గాట్మన్ బంధాన్ని చెరిచే నాలుగు తీరుల్లో ఒకటిగా లెక్కించాడు. మిగిలినవి వ్యక్తిత్వాన్ని నిందించడం, తిరస్కారంగా చూడటం, తన తప్పే లేదని ఎదురుదాడికి దిగడం. అలా బిగుసుకుపోయేవారికి లోపల ఏమీ లేదని కాదు. గుండె నిమిషానికి 100 సార్లకు మించి కొట్టుకుంటూ ఉండవచ్చు. ఆ స్థితిలో వినడం, ఆలోచించడం రెండూ కుదరవు.

అప్పుడు చేయవలసింది విరామం అడగడం. కనీసం 20 నిమిషాలు. కానీ చెప్పకుండా లేచి వెళ్ళిపోతే అది మళ్ళీ ఆ మౌనమే అవుతుంది. “ఇప్పుడు నేను సరిగా వినలేను, అరగంటలో వచ్చి మాట్లాడతాను” అని సమయం చెప్పాలి, చెప్పిన సమయానికి తిరిగి రావాలి. ఆ విరామంలో తగాదానే నెమరేసుకుంటూ కూర్చుంటే ఒళ్ళు చల్లబడదు. నడక, చదువు, ఏదైనా చేతిపని నయం.

వానచినుకు:

చేయి పట్టినంతఁ జెమరించె నఱచేయి
గళము వడఁకె మేను గగురుపొడిచెఁ
గంటి నీరు జారెఁ గనురెప్ప దాటుచు
మాట లేనివాఁడె మనసు విప్పె

గంటం:
స్వేదం, స్వరభేదం, రోమాంచం, అశ్రువు: మనసు కదిలితే ఒంటిమీద వాటంతటవే కనబడే ఎనిమిది సాత్త్విక భావాల్లో నాలుగు మూడు పాదాల్లో ఇమిడాయి. నాట్యశాస్త్రం చెప్పిన భరతుడు అభినయాన్ని ఆంగికం (ఒంటి కదలిక), వాచికం (మాట), ఆహార్యం (వేషం), సాత్త్వికం అని నాలుగుగా చెప్పాడు. మాట అందులో నాలుగో వంతే. ఆ కోణంలో సమస్యకు ఇంతకంటే సూటి జవాబు లేదు.

తొలకరి:
కానీ మాట లేనివాడికి గళం ఎలా వణికింది? వణికిందంటే ఏదో పలికినట్టే కదా.

వానచినుకు:
నిజమే, అది చూసుకోలేదు. “కాలు వడఁకె మేను గగురుపొడిచెఁ” అని మారుస్తాను. కా–గ వర్గయతి. స్వరభేదం పోయి వేపథువు (వణుకు) వచ్చింది.

కలువరేకు:
దిద్దుబాటు బాగుంది. ఒక మాట చేర్చాలి. సాత్త్వికాలు తెచ్చిపెట్టుకుంటే వచ్చేవి కావు. చెమట పట్టలేదు, కన్నీరు రాలేదు కాబట్టి ప్రేమ లేదనడం అన్యాయం. స్పర్శ విషయంలోనూ తేడాలుంటాయి. ఒకరికి చేయి పట్టుకుంటే ఊరట, మరొకరికి కోపంగా ఉన్నప్పుడు తాకితే ఊపిరాడదు. “ఇప్పుడు చేయి పట్టుకోనా, పక్కన కూర్చోనా?” అని అడగడం వల్ల దగ్గరితనం తగ్గదు.

చిరుగాలి:
మాట, సమయం, కానుక, సాయం, స్పర్శ: ఒక్కొక్కరికి వీటిలో ఒక్కటే “భాష” అంటారు కదా. అది తెలుసుకుని అదొక్కటే చేస్తే సరిపోదా?

గంటం:
ఆ ఐదింటి విభజన 1992లో గ్యారీ చాప్మన్ చెప్పింది. మాట్లాడుకోవడానికి పనికొచ్చే పేర్లే. కానీ మనిషికి ఒక్కటే ముఖ్యమైన భాష ఉంటుందన్నదానికీ, అది కలిస్తేనే జంట సుఖంగా ఉంటుందన్నదానికీ గట్టి ఆధారం లేదని ఎమిలీ ఇంపెట్, హేయంగ్ పార్క్, ఏమీ మ్యూజ్ 2024లో పరిశోధనలన్నీ చూసి రాశారు. వారు చెప్పిన పోలిక సమతులాహారం. ఒక్క పోషకంతో ఒళ్ళు నిలవదు. “నాది పని భాష” అని మాట పూర్తిగా మానేయడానికి ఈ విభజనను సాకు చేసుకోకూడదు.

తొలకరి:
అయితే మాట రానివారికి మాట నేర్పే పూరణ ఒకటి.

పెదవి దాఁట లేని పెనుమాట నొకచోటఁ
జిన్ని కాగితమునఁ జేర్చి యుంచి
నేల చూపుతోడ నెలఁత చేతికి నిచ్చె
మాట లేనివాఁడె మనసు విప్పె

వెన్నముద్ద:
“నేల చూపుతోడ” దగ్గర మనిషి కళ్ళకు కట్టాడు. ఆ కాగితంలో పెద్ద వర్ణనలు అక్కరలేదు. ఏ రోజు, ఏ పని, దానివల్ల మనసుకు ఏమైంది: ఈ మూడూ రెండు వాక్యాల్లో ఉంటే చాలు. “నువ్వు చాలా మంచిదానివి” అని రాస్తే ఎవరికైనా రాయవచ్చు. “మంగళవారం నా తరఫున ఫోన్ చేసి మాట్లాడావు, ఆ రాత్రి నిశ్చింతగా పడుకున్నాను” అంటే అది ఒక్కరికే చెందుతుంది.

నిర్వాహకుడు:
వరుసగా అన్ని పూరణల్లోనూ మౌనం మగవాడిదే అయింది. తప్పు మీది కాదు, సమస్యలోని “వాఁడె” కట్టడి చేసింది. తిరగరాయదలచినవారు “మాట లేని చెలియె మనసు విప్పె” అని తీసుకోవచ్చు. వాఁడె (హ) చోట చెలియె (న), యతి చెదరదు.

గంటం:
తొలకరి గారి పద్యంలో ఒక్కటే లోటు, “ఒకచోట” పాదపూరణకే వచ్చింది. “పెనుమాట నొడుపుగాఁ / జిన్ని కాగితమునఁ” అనండి. నొడుపుగా – నగం. కింది పాదంతో సంధి కూడా కలుస్తుంది.

తొలకరి:
మార్చాను. పెనుమాటను చిన్ని కాగితంలో ఇమడ్చడానికి ఆ ఒడుపే కావాలి.