స్లుత్స్క్ నడికట్టు మెషీన్ మీద నేస్తే అది వారసత్వం కిందకి వస్తుందా?

మిన్స్క్_మెడికో:
నేను బెలారస్‌లో ఎంబీబీఎస్ చేస్తున్నా. మిన్స్క్‌కి దక్షిణంగా వంద కిలోమీటర్లు పైన స్లుత్స్క్ అనే ఊరుంది, 18వ శతాబ్దంలో అక్కడ రాజివిల్ ప్రభువుల కార్ఖానాలో పట్టు, బంగారు జరీ, వెండి జరీతో నడికట్లు నేసేవాళ్ళు, ఒక్కోటి రెండు మీటర్ల నుంచి నాలుగు మీటర్ల పైదాకా పొడవు. ఒకటే బెల్టు నాలుగు రకాలుగా మడిచి కట్టుకోవచ్చు, పండగకి ఒక వైపు, చావుకి ఇంకో వైపు కనపడేలా. 2012లో ప్రభుత్వం ప్రోగ్రాం పెట్టి మళ్ళీ నేయించడం మొదలుపెట్టింది, జర్మనీ నుంచి తెప్పించిన కంప్యూటర్ మగ్గం మీద. మా రూమ్మేట్ అవి నకిలీ అంటాడు. నేను ఒప్పుకోను. మీరేమంటారు?

చీరాల_మగ్గం:
మీ రూమ్మేట్ చెప్పిందే నిజం. పల్లెటూరి ఆడవాళ్ళు చేత్తో నేసినదాన్ని మెషీన్‌కి ఎక్కించి అదే పేరు పెడితే ఎలా తమ్ముడూ? మా ఇంట్లో మూడు తరాలు మగ్గం మీద బతికాం, మా నాన్న నేసిన డిజైన్ పవర్‌లూమ్ మీద దించి, ఊళ్ళోనే ఒక షాపు వాడు చేనేత అని బోర్డు పెట్టి అమ్మాడు. ఆ సంవత్సరం మా గుంట మగ్గం ఆగిపోయింది.

పాతకాగితం:
ఒక్క విషయం. స్లుత్స్క్‌లో నేసింది ఆడవాళ్ళు కాదు, మగవాళ్ళు. మక్సీమ్ బహ్దనోవిచ్ అనే కవి నేతగత్తెల మీద పద్యం రాశాడు, పర్షియా డిజైన్ నేస్తూ నేస్తూ పరధ్యానంలో తమ ఊరి పొలాల్లో పూసే పువ్వు నేస్తారని. ఆ పద్యం ఎంత పాపులర్ అయిందంటే జనం దాన్నే చరిత్ర అనుకుంటున్నారు.

చీరాల_మగ్గం:
మగవాళ్ళైతే ఏంటండీ, చెయ్యి చెయ్యే కదా. నేను అడిగింది ఎవరు నేశారని కాదు.

పాతకాగితం:
మీరే కదా పల్లెటూరి ఆడవాళ్ళు అని రాశారు.

సూర్య_కాకినాడ:
అసలు అవి బెలారస్‌వే కాదు కదా బ్రో. కట్టుకున్నది పోలిష్ పద్ధతి బట్టలేసుకునే ప్రభువులు, మోడల్ పర్షియా, టర్కీలది, కార్ఖానా నడిపిన యాన్ మజార్స్కీ ఆర్మేనియా జాతివాడు.

మిన్స్క్_మెడికో:
అలా చూస్తే ప్రపంచంలో ఏ ఊరికీ ఏదీ మిగలదు. బెల్టు చివర ‘స్లుత్స్క్‌లో తయారైంది’ అని నేసి ఉంటుంది, మొదట లాటిన్ లిపిలో, ఆ ప్రాంతం రష్యా చేతికి వెళ్ళాక రష్యన్ లిపిలో. లిపి మారింది గానీ ఊరు మారలేదు.

రాధిక_సికింద్రాబాద్:
బెల్టులు ప్రభువులవి. మామూలు జనం చేసినవి చూడాలంటే గడ్డి అల్లిక చూడండి. రై అనే ధాన్యం పంట గడ్డి నానబెట్టి అల్లుతారు, చర్చిలో గర్భగుడి ముందుండే ద్వారాలు కూడా గడ్డితో చేశారు, దూరం నుంచి బంగారంలా మెరుస్తాయి, బంగారం కొనలేని ఊళ్ళు చేసుకున్నవి అవి. 2022లో యునెస్కో జాబితాలో చేర్చారు. నెగ్లుబ్కా అనే ఊళ్ళో ఎర్ర దారంతో నేసే తువ్వాళ్ళు ఇంకొకటి, పెళ్ళికీ చావుకీ దేవుడి పటానికీ అన్నిటికీ అవే. అది వెత్కా ప్రాంతం, 1986లో చెర్నోబిల్ తర్వాత చుట్టుపక్కల ఎన్నో ఊళ్ళు ఖాళీ చేయించారు, ఊరే పోతే నేత ఎవరికి నేర్పుతారు? డబ్బు పెట్టాల్సింది అక్కడ కదా, మెషీన్ మీద కాదు.

మిన్స్క్_మెడికో:
మేడం రెండూ చేయొచ్చు. ఒకటి చేస్తే ఇంకోటి ఆగిపోతుందని ఎవరన్నారు?

చీరాల_మగ్గం:
ఆగిపోతుందని నేనంటున్నా, మా ఇంట్లో ఆగిపోయింది కాబట్టి. మన దేశంలో 1985 చేనేత చట్టంలో కొన్ని రకాల బట్టలు చేతిమగ్గానికే అని రాసుంది, ఎవడు ఆగాడు?

మిన్స్క్_మెడికో:
అన్నా ప్రతిదానికీ మీ నాన్నగారి మగ్గం తెస్తున్నారు! స్లుత్స్క్ కార్ఖానా 19వ శతాబ్దం మధ్యకే మూతపడింది. ఆ నేత తెలిసినవాడు ఒక్కడు కూడా మిగల్లేదు. ఈ మెషీన్ ఎవరి పొట్టా కొట్టలేదు. పాత బెల్టులు చాలావరకు పోలాండ్, లిథువేనియా, రష్యా, ఉక్రెయిన్ మ్యూజియాల్లో ఉన్నాయి, పుట్టిన ఊళ్ళో చూసుకోడానికి మిగిలింది చాలా తక్కువ. నేను బెలారస్ అంటే మన చుట్టాలు ‘రష్యాలోనా’ అంటారు, ఇక్కడి ఫ్రెండ్స్‌కి జీవితాంతం ఇదే ప్రశ్న. వాళ్ళు ‘ఇది మాది’ అని చేత్తో పట్టుకుని చూపించుకోడానికి ఒక వస్తువు ఉంటే దాన్ని నకిలీ అనడానికి మీకు నోరెలా వచ్చింది?

సూర్య_కాకినాడ:
కూల్ కూల్.

చీరాల_మగ్గం:
నువ్వు దేశం గురించి మాట్లాడుతున్నావు, నేను నేసేవాడి గురించి మాట్లాడుతున్నా, అదీ తేడా. అక్కడ నేసేవాడు పోయాక మెషీన్ వచ్చింది, సరే. మా దగ్గర నేసేవాడు బతికుండగానే వచ్చింది. నీలాంటి చదువుకున్న పిల్లలు మెషీన్ది కూడా వారసత్వమే అని రాస్తే, రేపు ఆ షాపు వాడు అదే మాట నాకు చూపిస్తాడు.

రాధిక_సికింద్రాబాద్:
ఇది మొదటి పోస్టులోనే చెప్పుంటే ఇంత గొడవ ఉండేది కాదు.

మిన్స్క్_మెడికో:
అన్నా, అక్కడ దాచట్లేదు. మ్యూజియంలోనే మెషీన్ నడుస్తుంటే చూపిస్తారు.

చీరాల_మగ్గం:
మ్యూజియంకి వెళ్ళినవాడికి తెలుస్తుంది. దాన్ని గిఫ్ట్‌గా అందుకున్నవాడికి ఎలా తెలుస్తుంది? మెషీన్ నేత అని బెల్టు చివరే నేయమను, ఊరి పేరు నేసినట్టే. అప్పటిదాకా నేను నకిలీ అనే అంటాను.