“దక్షు లెవ్వార లుపేక్ష సేసిరి”: తిక్కన పద్యంలో చేటు ఎవరికి?

2024 జూన్ 21న వెలగపూడిలో కొత్త శాసనసభ మొదటిసారి కూడింది. ఆ రోజు నెల్లూరు ట్రంకు రోడ్డు పక్కన ఒక టీ కొట్లో నిలబడి టీవీ చూస్తున్నాను. ప్రొటెం స్పీకర్‌గా, అంటే తాత్కాలిక స్పీకర్‌గా, గోరంట్ల బుచ్చయ్య చౌదరి గారు కూర్చున్నారు. ఒక్కో సభ్యుడూ లేచి వస్తున్నాడు, కాగితం అందుకుని తన పేరు చెప్పి “అనే నేను” అంటున్నాడు, “ప్రమాణం చేస్తున్నాను” అని ముగించి సంతకం పెడుతున్నాడు. “దైవసాక్షిగా” అన్న మాట వినబడినప్పుడల్లా నా పక్కన గ్లాసు పట్టుకున్న పెద్దాయన తల ఊపుతున్నాడు. కాసేపటికి నా వైపు తిరిగి, “దేవుడు సాక్షిగా ఉంటే చాలునా నాయనా, ఈళ్ళు నోరు తెరవొద్దా?” అన్నాడు.

ఆ మాటకు నాకు మన ఊరి కవి తిక్కన పద్యమే గుర్తుకొచ్చింది. కృష్ణుడు రాయబారిగా వెళ్ళి కౌరవసభలో చెప్పిన పద్యం.

సారపు ధర్మమున్ విమల సత్యము బాపముచేత బొంకుచే
బారము బొందలేక చెడబారినదైన యవస్థ దక్షు లె
వ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు గాని ధర్మ ని
స్తారక మయ్యు సత్య శుభదాయక మయ్యును దైవ ముండెడున్

దీన్ని చాలామంది “ధర్మానికి దేవుడున్నాడు” అన్న ధైర్యం కోసం చదువుతారు. ఆ అర్థం చివరి పాదంలో ఉన్న మాట నిజమే. పద్యం బరువంతా మాత్రం మూడో పాదం మీద ఉంది. ధర్మం పాపం చేతిలో, సత్యం అబద్ధం చేతిలో గట్టు చేరలేక చెడిపోతున్నప్పుడు, ఆపగలిగి ఉండీ ఎవరు ఊరుకున్నారో ఆ చేటు వాళ్లది. పాపం చేసినవాడి గురించి ఇక్కడ ఒక్క ముక్క లేదు. దుర్యోధనుడి ప్రస్తావనే లేదు. వేలు చూపింది భీష్ముడు, ద్రోణుడు కూర్చున్న వైపు.

పారము అంటే అవతలి గట్టు. నిస్తారకము అంటే దాటించేది. పద్యం మొదట్లో ధర్మం ఏటి మధ్యలో చిక్కుకుంది, చివర్లో దాన్ని దైవం దాటించింది. పెన్న ఒడ్డున బతికినవాడికి ఈ మాటలు ఊరికే తట్టి ఉండవని నా నమ్మకం. దాటించే పని దైవం చూసుకుంటుంది, సరే. గట్టున నిలబడి చూసినవాళ్ల సంగతేమిటి?

సంస్కృత మూలంలో ఈ చోట “హన్యతే ప్రేక్షమాణానాం హతాస్తత్ర సభాసదః” అని ఉంది. చూస్తూ ఉండగానే ధర్మం హతమైతే ఆ సభాసదులు హతమైనట్టే అని. ప్రేక్షమాణ అన్న చోట తిక్కన ఉపేక్ష అన్నాడు. రెండింటిలోనూ ఉన్నది ఈక్ష, అంటే చూడటం. ముందున్న ప్ర తీసి ఉప పెట్టేసరికి చూపు కాస్తా తప్పుగా మారింది. ఉపేక్షకు మన తెలుగులో సరిగ్గా సరిపోయే మాట “చూసీ చూడనట్టు ఉండటం”. సభాసదులు అన్న చోట దక్షులు అన్నాడు. ఊరికే కూర్చున్నవాళ్లు కాదు, చేతనైనవాళ్లు. తిక్కన స్వయంగా నెల్లూరు రాజు మనుమసిద్ధి దగ్గర మంత్రి. సభలో ఎవరు ఎందుకు ఊరుకుంటారో దగ్గరగా చూసినవాడు.

ఇక సాక్షి. అందులో ఉన్నది అక్షి, కన్ను. ప్రమాణంలో దైవాన్ని పిలిచేది చూడమని. మాట్లాడాల్సింది, అడగాల్సింది సభ్యుడు. టీ కొట్టు పెద్దాయన అడిగింది సరిగ్గా అదే. అన్నట్టు, దేవుడి పేరు తలవకుండా నిష్ఠతో ప్రతిజ్ఞ చేసే దారి కూడా రాజ్యాంగం మూడో షెడ్యూల్లో ఉంది. దారి ఏదైనా కర్తవ్యం ఒకటే.

వ్యాఖ్య, కందుకూరు నుంచి: అన్నా, పద్యం చదివేటప్పుడు మా పిల్లలు “ఎవ్వారలు పేక్ష” అని విడగొడుతున్నారు. పేక్ష అంటే ఏంటని అడిగితే ఏం చెప్పను?

జవాబు: ఎవ్వారలు, ఉపేక్ష. సంధిలో ఉకారం ఒకటి పోయింది తమ్ముడూ. ముందు విడిగా రెండు మాటలూ పలికించి, ఆ తర్వాత పద్యంలో కలపమను. అర్థం తెలిశాక తప్పు విరుపు దానంతట అదే పోతుంది.

వ్యాఖ్య, ఒంగోలు నుంచి: మాస్టారూ, మరి గవర్నరు ప్రసంగించే రోజు సభ్యులంతా మౌనంగానే ఉంటారు కదా. అది ఉపేక్షేనా? మైకు దొరకని ప్రతిపక్ష సభ్యుడు దక్షుడెలా అవుతాడు?

జవాబు: మంచి ప్రశ్న అమ్మా. మౌనం వేరు, ఉపేక్ష వేరు. ఆ రోజు వినడమే పని. మాట్లాడాల్సింది తర్వాత, ఆ ప్రసంగానికి ధన్యవాదాలు చెప్పే తీర్మానం మీద చర్చలో. మైకు దొరకకపోయినా ప్రశ్న రాసి ఇవ్వవచ్చు. నక్షత్ర గుర్తున్న ప్రశ్నకు మంత్రి సభలో జవాబు చెప్పాలి, గుర్తు లేనిదానికి రాతపూర్వకంగా ఇవ్వాలి. మీ వెలిగొండ ప్రాజెక్టు సొరంగాల గురించి ఒక్క ప్రశ్న కాగితం ఇచ్చినవాడు కూడా నా దృష్టిలో దక్షుడే. ప్రమాణం చేయకుండా సభలో కూర్చుంటే రోజుకు 500 రూపాయల జరిమానా ఉంది. అనుమతి లేకుండా 60 రోజులు సమావేశాలకు రాకపోతే ఆ స్థానం ఖాళీ అయిందని సభ ప్రకటించవచ్చు. వచ్చి కూర్చుని నోరు విప్పని వాడికి మాత్రం రాజ్యాంగంలో ఏ జరిమానా లేదు. ఆ ఖాళీలో ఉన్నది తిక్కన పద్యమొక్కటే.

వ్యాఖ్య, కావలి నుంచి: పేపర్లో “ఉపేక్షించేది లేదని హెచ్చరించారు” అని రోజూ చూస్తాం. అక్కడ క్షమించం అనే అర్థంలోనే వాడుతున్నారనిపిస్తుంది.

జవాబు: అర్థం కొంచెం జరిగింది గానీ వేరు తెగలేదు. అక్కడా “చూసీ చూడనట్టు వదలం” అనే. తేడా అల్లా, పేపర్లో ఆ మాట అధికారి జనాన్ని అంటున్నాడు. పద్యంలో పెద్దలను నిలదీస్తూ అన్న మాట అది.