‘పాలింప్సెస్ట్’ను తెలుగులో ఏమనాలి? నెహ్రూ వాక్యం మీద చర్చ

ప్రశ్న: అహ్మద్‌నగర్ కోటలో ఖైదీగా ఉండి 1944 ఏప్రిల్ – సెప్టెంబరు మధ్య నెహ్రూ రాసిన ‘డిస్కవరీ ఆఫ్ ఇండియా’లో భారతదేశాన్ని ప్రాచీన ‘పాలింప్సెస్ట్’తో పోల్చారు. దాని మీద పొర మీద పొరగా ఆలోచనలు రాసుకుంటూ వచ్చారనీ, తర్వాతి పొర ఏదీ ముందటి రాతను పూర్తిగా కప్పలేదు, చెరపలేదు అనీ భావం. దీన్ని ‘తాళపత్రం’ అనేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. ఆ గ్రీకు మాటకి ‘మళ్ళీ గీకినది’ అని అర్థం. గొర్రె, మేక, దూడ తోళ్ళను పత్రాలుగా చేసి సిరాతో రాసేవారు. తోలు ఖరీదు కాబట్టి పాత రాత కడిగి, గీకి, దాని మీదే కొత్తది రాసేవారు. ఇనుము కలిసిన సిరా తోలులోకి ఇంకిపోయేది. పైన ఎంత గీకినా లోపలి మరక నిలిచి, ఏళ్ళు గడిచాక మసగ్గా తేలేది.

తాటాకు పద్ధతి వేరు. గంటంతో ఆకును గీరి, ఆ గాట్లలో మసి పట్టించి, పైన తుడిచేస్తారు. రాత ఒక గాటు, దాన్ని గీకితే ఆకే చిరుగుతుంది. తప్పు పడితే కొట్టివేత గుర్తు పెట్టి ముందుకు వెళ్ళేవారు, ఆకు శిథిలమైతే కొత్త ఆకుల మీద ప్రతి తీసేవారు. ఒకే ఆకు మీద రాత మీద రాత అనే ఊహకు అక్కడ చోటే లేదు.

ఇంకొకరు: పోనీ, ‘రాగిరేకు’ అని అనువదిస్తే? పాత దానశాసనం అక్షరాలను సుత్తితో అణగ్గొట్టి, అదే రేకు మీద కొత్త దానం చెక్కినవి దొరికాయి కదా. ఏటవాలు వెలుతురులో కింది అక్షరాల జాడ కనబడుతుంది.

జవాబు: వస్తువుగా దగ్గరిదే. కానీ తెలుగువాడికి ‘శాసనం’ అనగానే మార్చరాని మాట అని తడుతుంది. నెహ్రూ చెప్పేది దానికి ఎదురు.

నన్నడిగితే మనకు చేరువైన పోలిక ఎన్నికల రాతల మీద సున్నం కొట్టిన గోడ. సున్నం ఆరితేనే తెల్లబడి కింది అక్షరాన్ని దాస్తుంది. వానకు తడిసిందా, పూత పలచబడినట్టై పాత పార్టీ గుర్తు మళ్ళీ బయటికొస్తుంది. అయితే ‘ప్రాచీన’ అన్న విశేషణం గోడకు అతకదు. వివరణలో వాడండి, వాక్యంలో వద్దు. ‘పునర్లిఖిత పత్రం’ కూడా వద్దు, తిరగరాశారని చెబుతుంది గాని పాతది మిగిలిందని చెప్పదు. ‘చెరిపి రాసిన తోలుపత్రం’ అని విప్పి చెప్పడమే మేలు.

ప్రశ్న: ఇంగ్లీషులో దేశాన్ని స్త్రీలింగంలో చెప్పారు. ‘ఆమె’ అనాలా, ‘అది’ అనాలా?

జవాబు: ఏదీ అక్కర్లేదు! తెలుగులో ఏకవచనంలో అమ్మకీ చెట్టుకీ క్రియ ఒకటే: వచ్చింది, ఉంది. సర్వనామం వదిలేస్తే రెండు అర్థాలూ నిలుస్తాయి. ‘ఆమె’ అని రాస్తే పటంలోని భారతమాత కళ్ళముందుకొస్తుంది. అదే పుస్తకంలో నెహ్రూ, భారతమాత అంటే ఈ కోట్లాది జనమే అని రైతులకు చెప్పిన ఘట్టం ఉంది. ఆ ఘట్టానికి ముందే బొమ్మ గీసి పెట్టడం అన్యాయం.

ఇంకో జాగ్రత్త: ‘పూర్తిగా’ను జారవిడవకండి. అది పోతే దేనికీ నష్టం జరగలేదన్న అర్థం వస్తుంది. ఆయన అన్నది కొంత చెరిగిందనీ, కొంత మిగిలిందనీ. ఇక ఆ వాక్యంలో ఆలోచన పక్కనే ఉన్న ‘రెవెరీ’ (ఊహల్లో మునిగిపోవడం) అన్న ఇంగ్లీషు మాటకి ‘పగటికల’ తేలికైపోతుంది, ‘తలపోత’ సరిగ్గా కూర్చుంటుంది.

నా ప్రయత్నం: “చెరిపి చెరిపి రాసిన ప్రాచీన తోలుపత్రం లాంటిది భారతదేశం. ఆలోచనలూ తలపోతలూ పొర మీద పొరగా దాని మీదికెక్కాయి. తర్వాత వచ్చిన ఏ పొరా ముందటి రాతను పూర్తిగా కప్పనూ లేదు, తుడిచేయనూ లేదు.”

ఇంకొకరు: ‘చెరిపి చెరిపి’ బదులు ‘గీకి గీకి’ అంటే? మాట మూలానికి దగ్గరవుతుంది, తోలు మీద చేసే పనీ అదే.

జవాబు: అవునండీ, మీదే బాగుంది. మార్చేస్తున్నాను.