4 కోట్ల అంకెల ప్రైమ్ నంబర్ దొరికితే ఎవరికేం లాభం?

పాలమూరు పొలగాడు:
2024 అక్టోబర్ల అప్పటిదాంక తెలిసినవాట్ల అతిపెద్ద ప్రైమ్ నంబర్ (ఒకటితోని, తనతోని తప్ప దేనితోని భాగం పోనిది) దొరికిందని చెప్పిన్రు గదా, 2 పవర్ 136279841ల నుంచి ఒకటి తీసేస్తే వచ్చేది, మొత్తం 4,10,24,320 అంకెలు. లూక్ డ్యురాంట్ అని అమెరికా ఆయన, 17 దేశాల్ల జీపీయూలు, అంటే జోరుగ లెక్కలు చేసే కంప్యూటర్ చిప్పులు, నడిపిచ్చి పట్టిండు. గంత కరెంటు, గంత పైస పెట్టి ఏం చేసుకుంటరు దీన్ని? బోరు మోటరుకు కరెంటెప్పుడొస్తదా అని రాత్రిళ్లు బాయికాడ కాసుకున్నోళ్లం మేము, నాకైతే దండుగ ఖర్చే అనిపిస్తున్నది.

మిర్యాలగూడ తమ్ముడు:
గట్లనకన్నా, బ్యాంకులు, ఆన్‌లైన్ పేమెంట్లు అన్నీ ప్రైమ్ నంబర్ల మీదనే నడుస్తున్నయి. ఎంత పెద్దది దొరికితే మన పైసలకు అంత సేఫ్టీ.

దేవరకొండ లెక్కల సార్:
తమ్మీ, ఆ మాట తప్పు, అందరు ఇదే చెప్తరు గాని. ఆన్‌లైన్ల సమాచారానికి తాళమేసే పద్ధతి ఆర్‌ఎస్‌ఏ, 2048 బిట్ల దాంట్ల వాడేటియి 300 అంకెల పైచిలుకు ప్రైమ్‌లు, అవి గూడ ఎవ్వరికి తెల్వకుంట దాచాలె. లోకమంత చూసిన నంబర్‌తోని తాళమేం వేస్తవు?
కాని దండుగ అంటే గూడ నేనొప్ప. ఈ వెతుకులాటకు వాడే ప్రైమ్95 ప్రోగ్రాం నడుస్తుంటేనే 2016ల ఇంటెల్ స్కైలేక్ చిప్పుల తప్పు బయటవడ్డది. 1994ల పెంటియం చిప్పు భాగారం తప్పు చేస్తున్నదని థామస్ నైస్లీ అనే లెక్కల ప్రొఫెసర్ పట్టింది గూడ జంట ప్రైమ్‌ల (రెండే తేడా ఉన్న ప్రైమ్‌ల) లెక్క చేసుకుంటనే.

పాలమూరు పొలగాడు:
చిప్పుల తప్పులు పట్టనీకి వేరే లెక్కలు లేవా సార్? అయినా అది ప్రైమే అని ఎట్ల నమ్మాలె, అన్నిటితోని భాగించి చూసిన్రా?

దేవరకొండ లెక్కల సార్:
వేరేవి ఉన్నయి, అది నిజమే. నాకు పానం కొట్టుకునేది నీ రెండో ప్రశ్న కాడ. భాగించుకుంట పోతే అయ్యే పని కాదది, 2 పవర్‌ల ఒకటి తక్కువ ఉండే ఇట్లాంటి నంబర్లకు లూకాస్-లెమర్ పరీక్ష అని ఉన్నది. 31 తీస్కో, 2 పవర్ 5ల ఒకటి తక్కువ. 4తోని షురూ చెయ్యి, దాన్ని దానితోనే గుణించి 2 తీసెయ్యి, 14. మళ్ల అట్లనే చేస్తే 194, 31తోని భాగిస్తే శేషం 8. ఇంకోసారి, 64ల 2 పోతే 62, శేషం సున్నా. 5ల రెండు తక్కువ, మూడు సార్లు చేసినం, సున్నా వచ్చింది, ప్రైమే. అదే 2047కు, అంటే 2 పవర్ 11ల ఒకటి తక్కువకు, తొమ్మిది సార్లు చేస్తే 1736 మిగుల్తది, ప్రైమ్ కాదు, అది 23 ఇంటూ 89. డ్యురాంట్ నంబర్‌ను ఖాయం చేసింది గూడ ఈ లెక్కతోనే, కాకపోతే 13,62,79,839 సార్లు. పదో తరగతి పిల్లలకు బోర్డు మీద అర్థమయ్యే లెక్క గంత దూరం పోతదంటే దాన్ని దండుగ అని ఎట్లంటం? నువ్వే 127కు, అంటే 2 పవర్ 7ల ఒకటి తక్కువకు, చేసి చూడు.

పాలమూరు పొలగాడు:
చేసిన సార్. 4, 14, 67, 42, 111, సున్నా. లెక్క మస్తుగున్నది, ఒప్పుకుంట. కరెంటు కాడ మాత్రం నా మాట మీదనే ఉన్న.